పిల్లలపై వైద్య పరిశోధన : అనుమతి ఎవరిది? బాధ్యత ఎవరిది?

వైద్యశాస్త్రము నేడు మన పల్లెల గడపలకు రెండు రూపములలో వచ్చుచున్నది. గుణము ఇదివరకే నిర్ధారణయైన మందులను, టీకాలను ప్రజలకు అందించు ఆరోగ్య కార్యక్రమము మొదటిది. ఒక మందుగాని, టీకాగాని, పోషకాహారముగాని నిజముగా మేలు చేయునా, చేసినచో ఎంత చేయును, కీడేమైన కలుగునా అని తెలిసికొనుటకు జరుపు పరిశోధన రెండవది. చూచువారికి ఈ రెండును ఒక్క తీరుగనే కనబడును. అదే ఆరోగ్య కేంద్రము, అదే నర్సు, అదే సూది. కాని వీని నడుమ గల భేదము చాల పెద్దది. మొదటిదానిలో ఫలితము ముందే తెలిసియున్నది. రెండవదానిలో తెలియదు. తెలియదు గనుకనే పరిశోధన జరుగుచున్నది.

పరిశోధకులు ఒక గ్రామమునకు వచ్చినపుడు సాధారణముగా మొదట కలిసికొనునది సర్పంచిని, వార్డు సభ్యులను. పాఠశాల గది ఇప్పింపుడని, ఊరిలో చాటింపు వేయింపుడని, తల్లులను సమావేశపరచుడని వారు కోరుదురు. అట్టి సమయమున పంచాయతీ సభ్యులు ఏమి చేయవలెను? ఏమి అడుగవలెను? ఏది తమ అధికారములోనిది, ఏది కాదు? ఈ విషయములను వివరించుటయే మా ఉద్దేశము.

పరిశోధన ఎందులకు?

పిల్లలపై పరిశోధన అనగానే కొందరు ఉలికిపడుదురు. మన బిడ్డలను ప్రయోగములకు అప్పగింతుమా అని అడుగుదురు. ఆ ఆందోళన సహజము. అయినను పరిశోధన లేనిచో నష్టపడునది కూడ పిల్లలే. పెద్దవారి మందును సగము చేసి ఇచ్చినంత మాత్రమున అది పిల్లల మందు కాజాలదు. పసిబిడ్డ కాలేయము, మూత్రపిండములు ఇంకను ఎదుగుచుండును. మందు వారి శరీరములో పనిచేయు తీరు వేరు, బయటకు పోవు తీరు వేరు. పిల్లలకు ఎంత మోతాదు ఇయ్యవలెనో పిల్లలను పరిశీలించియే తెలిసికొనవలెను.

ఒక్క చోట పరిశీలించిన చాలదు. ఒక ప్రాంతపు నీరు, తిండి, వ్యాధులు వేరొక ప్రాంతమునకు ఉండవు. పైగా అరుదుగా కలుగు కీడును కనుగొనవలెనన్న వేలకొలది పిల్లలను గమనింపవలసియుండును. అందుచేత ఒకే ప్రణాళికతో పలుచోట్ల పరిశోధన జరుపుదురు. దీనినే బహుకేంద్ర పరిశోధన అందురు.

ఇట్టి పరిశోధన వలన కలిగిన మేలునకు ఒక ఉదాహరణము చెప్పెదము. రోటా వైరసు వలన పసిపిల్లలకు తీవ్రమైన విరేచనములు కలుగును. దీనిని నివారించుటకు హైదరాబాదునందలి భారత్ బయోటెక్ సంస్థ రోటావాక్ అను టీకాను తయారుచేసినది. 2011లో ఆరంభించి ఢిల్లీ, పూణే, వెల్లూరు అను మూడు కేంద్రములలో 6,799 మంది శిశువులపై దానిని పరీక్షించిరి. ప్రతి ముగ్గురిలో ఇద్దరికి టీకా చుక్కలు, ఒకరికి టీకా లేని చుక్కలు పోసిరి. ఏ బిడ్డకు ఏవి పోసిరో తల్లికి గాని, పోసినవారికి గాని తెలియకుండ ఏర్పాటు చేసిరి. టీకా పొందిన శిశువులలో రోటా వలన కలుగు తీవ్రమైన విరేచనములు సగమునకు పైగా తగ్గినట్లు తేలినది. 2016లో కేంద్ర ప్రభుత్వము ఈ టీకాను సార్వత్రిక టీకా కార్యక్రమమున చేర్చినపుడు మొదటి విడతలోని నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆనాడు మన బిడ్డల నోట పడిన ఆ చుక్కల వెనుక వేరొక ఊరి తల్లులు ఇచ్చిన సమ్మతి కలదు. ఈ సంగతిని మనము మరువరాదు.

నీతి సమీక్షా సంఘము

పెద్దవాడు తన మేలు కీడులు తానే ఆలోచించుకొని ఔననియో, కాదనియో చెప్పగలడు. పసిబిడ్డ చెప్పలేడు. బిడ్డ తరఫున తల్లిదండ్రులు చెప్పుదురు. కాని వైద్యుడు చెప్పినదంతయు వారికి అర్థమగునని నమ్మకము లేదు. పరిశోధకుడు ఎంత మంచివాడైనను తన పని త్వరగా పూర్తి కావలెనను ఆతురత అతనికుండును. ఈ కారణమున ఏ పరిశోధనయైనను ఆరంభము గాకమునుపే, దానితో సంబంధము లేని కొందరు కూర్చుండి పరిశీలింపవలెనను నియమము ఏర్పడినది. ఆ సంఘమునే నీతి సమీక్షా సంఘము, లేక ఎథిక్స్ కమిటీ అని పిలుచుచున్నారు.

కొత్త మందుల, టీకాల ప్రయోగములను గూర్చి భారత ప్రభుత్వము 2019 మార్చిలో నిబంధనలను వెలువరించినది. వాని ప్రకారము ఈ సంఘమున ఏడుగురికి తక్కువ గాకుండ సభ్యులుండవలెను. వారిలో సగము మంది ఆ సంస్థతో సంబంధము లేనివారై యుండవలెను. వైద్యులతో పాటు ఒక న్యాయవేత్త, కనీసము ఒక స్త్రీ, ఒక సామాన్య పౌరుడు తప్పక ఉండవలెను. సంఘము ప్రభుత్వము వద్ద నమోదు కావలెను. సామాన్య పౌరుని నియమించుటలో గొప్ప వివేకము కలదు. వైద్యులకు తేలికగా తోచిన మాట చదువరికి అర్థము కాకపోవచ్చును. "ఈ కాగితము నాకే బోధపడలేదు, కూలికి పోవు తల్లికి ఎట్లు బోధపడును?" అని అడుగగలవాడు ఆ సభలో ఒకడైన ఉండవలెను.

ఈ సంఘము ప్రధానముగా పరిశీలించు అంశములు ఇవి. ఈ ప్రశ్నకు సమాధానము కనుగొనుట నిజముగా అవసరమా? పెద్దవారిపై పరిశోధించి తెలిసికొనుటకు వీలులేదా? బిడ్డకు కలుగగల కీడు ఎంత, మేలు ఎంత? పేదలను, గిరిజనులను, హాస్టళ్లలోని పిల్లలను సులభముగా దొరకుదురను కారణమున ఎన్నుకొనుచున్నారా? కీడు జరిగినచో చికిత్స ఎవరు చేయింతురు? పిల్లల పేర్లు, వ్యాధుల వివరములు గోప్యముగా ఉండునా?

ఒకే ప్రణాళిక, అనేక స్థలములు

పరిశోధన ఒక్క ఆసుపత్రిలో జరిగినపుడు ఒక్క సంఘము చూచిన చాలును. పది చోట్ల జరిగినపుడు చిక్కు ఏర్పడును. పది సంఘములును వేరువేరుగా పరిశీలించి, తలకొక మార్పు చెప్పినచో కాలము గడచిపోవును, ప్రణాళిక ఒక్కటిగా ఉండదు. ఒక్క సంఘమే అందరి తరఫున నిర్ణయించినచో, దూరమున కూర్చున్నవారికి ఆయా గ్రామముల పరిస్థితులు తెలియవు.

ఈ చిక్కును తీర్చుటకు భారత వైద్య పరిశోధనా మండలి 2017లో ప్రకటించిన మార్గదర్శక సూత్రములలో ఒక పద్ధతిని సూచించినది. పిల్లలకు కీడు స్వల్పముగా గల సర్వేలు, ప్రజారోగ్య పరిశోధనలు మొదలగువానిలో ఒక ప్రధాన సంఘము అందరి తరఫున ఉమ్మడిగా సమీక్ష జరుపవచ్చును. అయినను తమ స్థలమునందలి పిల్లల క్షేమమును, హక్కులను కాపాడు బాధ్యత స్థానిక సంఘములకు తొలగిపోదు. కొత్త మందుల ప్రయోగముల విషయమున నిబంధన మరింత గట్టిది. పరిశోధన జరుగు స్థలమున సొంత సంఘము లేనిచో, అదే నగరమున గాని, 50 కిలోమీటర్ల లోపున గాని గల సంఘము ఆమోదము పొందవలెను. దూరపు సంఘము ఆమోదమొక్కటే చాలదు.

దూరమును ఇంతగా పట్టించుకొనుటకు కారణమును ఒక దృష్టాంతముతో చెప్పెదము. బడిపిల్లల రక్తహీనతకు ఒక కొత్త మందును ఐదు జిల్లాలలో పరీక్షింపదలచిరి అనుకొందము. ప్రణాళిక అన్నిచోట్ల ఒక్కటే. కాని మిరప కోతల కాలమున ఒక జిల్లాలోని తల్లిదండ్రులు వలసపోవుదురు, పిల్లలు అవ్వతాతల వద్ద ఉందురు. అప్పుడు సంతకము ఎవరు చేయవలెను? ఏజెన్సీ గ్రామములలో సికిల్ సెల్ వ్యాధి గల బిడ్డలుందురు. వారి రక్తహీనతకు కారణమే వేరు, చికిత్సయు వేరు. వారిని ముందుగా గుర్తించు ఏర్పాటు ఉన్నదా? భద్రాచలము మన్యమున ఇంటిలో కోయ భాష మాట్లాడు తల్లికి తెలుగు కాగితము చదివి వినిపించిన చాలునా? ఈ ప్రశ్నలు నగరములోని సభకు తోచకపోవచ్చును. గ్రామమున ఉండువారికి ఇవి ప్రతిదినము ఎదురగు సంగతులు.

ఖమ్మము జిల్లాలో జరిగినది

ఈ విషయమున మన తెలుగునాట జరిగిన ఒక సంఘటన దేశమంతటికిని పాఠమైనది. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మము జిల్లాలోను, గుజరాత్‌లోని వడోదర జిల్లాలోను, హెచ్.పి.వి. టీకాను గూర్చిన ఒక అధ్యయనము ఆరంభమైనది. స్త్రీలకు గర్భాశయ ముఖద్వారమున కలుగు క్యాన్సరును నివారించుటకు ఉద్దేశించిన టీకా అది. అమెరికాకు చెందిన పాత్ అను సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలితోను, రాష్ట్ర ప్రభుత్వములతోను కలిసి దానిని నడిపినది. ఖమ్మము జిల్లాలో భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో 10 మొదలు 14 సంవత్సరముల వయస్సు గల సుమారు 14,000 మంది బాలికలకు టీకా వేసిరి. వారిలో అనేకులు హాస్టళ్లలో ఉండి చదువుకొను గిరిజన బాలికలు.

రెండు రాష్ట్రములలో కలిపి ఏడుగురు బాలికలు మరణించినట్లు తెలియగా, 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వము ఆ అధ్యయనమును నిలిపివేసి విచారణ జరిపించినది. ఆ మరణములకు టీకాతో సంబంధము ఉన్నట్లు కనబడదని విచారణ సంఘము తేల్చినది. ఈ మాటను స్పష్టముగా చెప్పుట అవసరము. హెచ్.పి.వి. టీకాను నూరింటికి పైగా దేశములు తమ కార్యక్రమములలో చేర్చుకొన్నవి, ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని సిఫారసు చేయుచున్నది. లోపము జరిగినది టీకాలో కాదు, సమ్మతిని తీసికొనుటలోను, పిల్లల యోగక్షేమములను గమనించుటలోను.

ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి విచారణలో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రములలో 1,948 పత్రములపై వేలిముద్రలే ఉన్నవి. 2,763 పత్రములపై హాస్టలు వార్డెనులు సంతకములు చేసియుండిరి. వార్డెను బిడ్డకు అన్నము పెట్టించును, చదువు చూచును. అంతమాత్రమున తల్లిదండ్రుల స్థానమున నిలిచి, వారు వ్రాసి ఇయ్యనిదే, పరిశోధనకు సమ్మతి ఇచ్చు హక్కు ఆయనకు కలుగదు. ప్రభుత్వ సిబ్బంది, ప్రభుత్వ వసతులు ఇందులో వినియోగపడుటచే, ఇది ఎప్పటి వలె జరుగు సర్కారు టీకా కార్యక్రమమే అను అభిప్రాయమునకు తావు కలిగినది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘము తన 72వ నివేదికలో ఈ లోపములను తీవ్రముగా విమర్శించినది.

ఇందు గమనింపదగిన ముఖ్యాంశమొకటి కలదు. ఈ అధ్యయనము నీతి సమీక్ష లేకుండ జరిగినది కాదు. సంఘములు కాగితములను చూచినవి, ఆమోదము ఇచ్చినవి. నగరములో ఆమోదము పొందిన పత్రము హాస్టలు గదిలోనికి వచ్చిన తరువాత దానిపై ఎవరు సంతకము చేయుచున్నారో చూచిన కన్ను లేకపోయినది. అట్టి కన్ను గ్రామములోనే ఉండవలెను.

సమ్మతి ఎవరిది?

ఇచట పంచాయతీ సభ్యులు ఒక విషయమును గట్టిగా జ్ఞాపకముంచుకొనవలెను. సర్పంచి అనుమతి వేరు, తల్లిదండ్రుల సమ్మతి వేరు. పరిశోధకులు గ్రామమున ప్రవేశించుటకు గ్రామపెద్దల అనుమతి కోరుట మంచి పద్ధతియే. వైద్య పరిశోధనా మండలి సూత్రములును దానిని అంగీకరించుచున్నవి. కాని గ్రామపెద్దలు ఒప్పుకొన్నను, ప్రతి కుటుంబమును వేరుగా అడిగియే తీరవలెనని అవే సూత్రములు చెప్పుచున్నవి. గ్రామసభ తీర్మానముతో ఏ ఒక్క బిడ్డనైనను పరిశోధనలో చేర్చుటకు వీలులేదు. "ఊరంతయు ఒప్పుకొన్నది, నీవొక్కదానవే కాదనుచున్నావేమి?" అని ఒక తల్లిని అడిగినచో, ఆ క్షణముననే ఆమె సమ్మతికి విలువ పోయినది.

పదునెనిమిది ఏండ్లు నిండనివారి విషయమున తల్లి గాని, తండ్రి గాని, చట్టరీత్యా సంరక్షకుడు గాని సమ్మతి ఇయ్యవలెను. బిడ్డకు నేరుగా మేలు లేక, కీడు స్వల్పమును మించియున్నచో, తల్లిదండ్రులిద్దరి సమ్మతియు అవసరము కావచ్చును. బిడ్డ ఇష్టమును కూడ అడుగవలెను. ఏడు మొదలు పన్నెండేండ్ల పిల్లలను తల్లిదండ్రుల ఎదుట నోటిమాటగా అడుగుదురు. అంతకు పెద్దవారికి, పదునెనిమిదేండ్ల వరకు, సులభమైన భాషలో వ్రాసిన పత్రము ఇచ్చి వారి అంగీకారము పొందుదురు. చదువురాని తల్లి వేలిముద్ర వేయుట తప్పు కాదు. కాని పరిశోధకులతో సంబంధము లేని సాక్షి ఒకరు మొదటినుండి చివరివరకు దగ్గర నుండి, పత్రమంతయు ఆమెకు చదివి వినిపించిరని సంతకము చేయవలెను.

పత్రములోని మాటలు కొలతకు అందునట్లుండవలెను. "రెండున్నర మిల్లీలీటర్ల రక్తము" అనినచో ఎందరికి తెలియును? "అర చెంచాడు రక్తము" అనినచో అందరికి తెలియును. పిల్లలలో కొందరికి మందు, కొందరికి మందు లేనిది చీటీలు వేసినట్లు పంచిపెట్టునప్పుడు ఆ సంగతి కూడ దాచక చెప్పవలెను. తన బిడ్డకు మందు తప్పక దొరకునను ఆశతో తల్లి సంతకము చేయరాదు.

పంచాయతీ సభ్యులు అడుగవలసిన ప్రశ్నలు

పరిశోధకులు గ్రామమునకు వచ్చినపుడు ఈ క్రింది ప్రశ్నలను అడుగుట సభ్యుల హక్కు మాత్రమే గాక విధి కూడ అని మా అభిప్రాయము.

1. ఇది ఆరోగ్య కార్యక్రమమా, పరిశోధనయా? ఈ మాటను చాటింపులోనే స్పష్టముగా చెప్పింతురా?

2. ఏ ఎథిక్స్ కమిటీ ఆమోదించినది? ఆమోద పత్రము ఎక్కడ? ఆ సంఘము మన ప్రాంతమునకు ఎంత దూరమున ఉన్నది? మన గ్రామపు పరిస్థితులను దానికి ఎవరు తెలిపిరి?

3. మందుల, టీకాల ప్రయోగమైనచో భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దాని సంఖ్య ఏది? 2009 జూన్ నుండి ఈ నమోదు తప్పనిసరి. ఆ వివరములను ఎవరైనను చూడవచ్చును.

4. సమ్మతి పత్రము ఇంటి భాషలో ఉన్నదా? దాని ప్రతిని తల్లిదండ్రుల చేతికి ఇత్తురా? ఇంటికి తీసికొనిపోయి ఆలోచించుకొనుటకు వ్యవధి ఉన్నదా?

5. హాస్టలు పిల్లల తల్లిదండ్రులను ఎట్లు కలిసికొందురు? ఆశ్రమ పాఠశాల దూరమున ఉన్నను ఈ పని తప్పదు.

6. నడుమ మానుకొన్న బిడ్డకు ఆసుపత్రిలో ఎప్పటి వైద్యము, బడిలో ఎప్పటి ఆదరణ లభించునా?

7. రాత్రివేళ బిడ్డకు జబ్బుచేసిన ఎవరికి ఫోను చేయవలెను? వాహనము ఎవరు పంపుదురు?

8. పరిశోధన ముగిసిన తరువాత ఫలితమును మన గ్రామసభకు వచ్చి చెప్పుదురా?

ఈ ప్రశ్నలకు మంచి పరిశోధకుడు కోపగింపడు. వీనికి సమాధానములు అతని వద్ద ముందే సిద్ధముగా ఉండును. సిద్ధముగా లేనిచో, అవి దొరకువరకు గది తాళము ఇయ్యకుండుట, చాటింపు వేయింపకుండుట పంచాయతీ చేతిలోని పని.

డబ్బు విషయమున కూడ జాగ్రత్త అవసరము. కుటుంబమునకు రానుపోను ఖర్చులు, ఆనాటి కూలి నష్టము ఇయ్యవచ్చును. అవసరములో ఉన్న కుటుంబమును ఆశపెట్టి ఒప్పించునంత సొమ్ము ఇయ్యరాదు. పంచాయతీ భవనమునకో, గుడికో విరాళమిచ్చెదమని చెప్పి పిల్లలను చేర్పింపుమనుట అంతకంటె పెద్ద దోషము.

కీడు జరిగినపుడు

మందుల ప్రయోగములో పాల్గొన్న బిడ్డకు హాని కలిగినచో, ఆ హానికి ప్రయోగముతో సంబంధము లేదని తేలువరకు, లేదా వైద్యుడు అవసరమని చెప్పినంత కాలము, ఉచితముగా చికిత్స చేయింపవలెనని నిబంధన. హాని ప్రయోగము వలననే కలిగినదని తేలినచో నష్టపరిహారము కూడ ఇయ్యవలెను. తీవ్రమైన హాని కలిగినపుడు పరిశోధకుడు 24 గంటలలోపున ప్రభుత్వాధికారికి, ఎథిక్స్ కమిటీకి, ఖర్చు భరించు సంస్థకు తెలుపవలెను. సమ్మతి పత్రముపై పరిశోధకుని ఫోను సంఖ్యతో పాటు ఎథిక్స్ కమిటీ వారి సంఖ్య కూడ ఉండును. దానిని పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించినచో మేలు. పరిశోధకునితో మాట పట్టింపు వచ్చిన కుటుంబము నేరుగా ఆ సంఘమునకే తెలుపుకొనవచ్చును.

ముగింపు

అనుమానముతో ప్రతి పరిశోధనను తరిమివేయుట గ్రామమునకు మేలు కాదు. అట్లు చేసినచో మన పిల్లల వ్యాధులకు మందులు మన పిల్లలకు సరిపడునో లేదో ఎన్నటికిని తెలియదు. ఎన్నడో జరిగిన లోపమును తలచుకొని నిత్యము జరుగు టీకా కార్యక్రమమునకు అడ్డు తగులుట అంతకంటె ప్రమాదము. తట్టు, కోరింతదగ్గు వంటి వ్యాధులు టీకా మానిన ఊరిని వెదకికొని వచ్చును. అట్లని, పట్నమునుండి వచ్చినవారు చదువుకొన్నవారు గదా అని అడుగక తలయూపుటయు తగదు.

బహుకేంద్ర పరిశోధనలో ప్రణాళికను వ్రాయువారు ఒకచోట, ఆమోదించువారు వేరొకచోట ఉందురు. బిడ్డ మాత్రము మన ఊరిలో ఉండును. కావున ఈసారి పంచాయతీ సమావేశమున ఈ ఎనిమిది ప్రశ్నలను చదివి వినిపించి, అంగన్‌వాడీ కార్యకర్తకు, ఆశా కార్యకర్తకు, ప్రధానోపాధ్యాయునికి, హాస్టలు వార్డెనుకు వాని ప్రతులు ఇయ్యవలసినదిగా మేము సభ్యులను కోరుచున్నాము. బిడ్డ తరఫున సంతకము చేయువలసినది ఆ బిడ్డ తల్లిదండ్రులే యని, ఆ సంతకము తెలిసి, ఇష్టపడి చేసినదై యుండవలెనని గ్రామమున ప్రతి ఒక్కరికి తెలియజేయుట పంచాయతీ చేయదగిన పని.